మోడెం మారిస్తే రౌటర్ కూడా మార్చాలా?

సంపాదకులకు నమస్కారం.

కేబుల్ మీద ఇంటర్నెట్ తీసుకున్న ఇళ్లలో పాత మోడెం తీసి కొత్తది పెట్టేటప్పుడు ఒక మాట తరచూ వినబడుతుంది: ‘‘ఈ మోడెంకు మీ పాత వైఫై రౌటర్ పనిచేయదండీ, కొత్తది తీసుకోండి.’’ మోడెం మార్చాల్సి రావడం చాలాసార్లు నిజమే. రౌటర్ పనిచేయదన్నది మాత్రం చాలాసార్లు నిజం కాదు. డబ్బు పోసి కొన్న రౌటర్‌ను, ఇంట్లోని ఫోన్లూ టీవీలూ కెమెరాలూ పేరుతో సహా గుర్తుపెట్టుకున్న రౌటర్‌ను అటకెక్కించే ముందు పాఠకులు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆపరేటర్లు చేయాల్సిన పని కూడా ఒకటుంది. అందుకే ఈ లేఖ.

మోడెం పని వేరు, రౌటర్ పని వేరు. స్తంభం మీద నుంచి ఇంట్లోకి దిగే నల్లటి కోయాక్సియల్ తీగలో టీవీ చానళ్లతో పాటు ఇంటర్నెట్ కూడా రేడియో తరంగాల రూపంలోనే వస్తుంది. ఆ తరంగాలను కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చి లాన్ పోర్టు (నెట్ వైరు పెట్టే మూతి) దగ్గర అందించడంతో మోడెం పని అయిపోతుంది. అక్కడ దొరికిన ఒక్క కనెక్షన్‌ను ఇల్లంతటికీ పంచేది రౌటర్. రెండింటి మధ్యా ఉన్నది మామూలు లాన్ వైరు. ఆ వైరుకు అవతల డాక్సిస్ (కేబుల్ మోడెంల సాంకేతిక ప్రమాణం) 2.0 మోడెం ఉందో, 3.0 ఉందో, ఫైబర్ డబ్బా ఉందో రౌటర్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మోడెంను మాత్రం కాలం దాటేస్తుంది. డాక్సిస్ 2.0 మోడెం కిందికి, అంటే ఆపరేటర్ నుంచి ఇంటికి, వచ్చే చానళ్లలో ఒక్కదాన్నే పట్టుకోగలదు. 8 మెగాహెర్ట్జ్ చానల్ మీద అది దాదాపు 50 ఎంబీపీఎస్, అదీ అదే లైను మీదున్న ఇళ్లన్నీ పంచుకోవాల్సిందే. 2006లో వచ్చిన 3.0 ప్రమాణం 4, 8, అంతకు మించిన చానళ్లను ఒక్కటిగా కలిపి వాడుకుంటుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారి 2.0 మోడెంనే ఉంచుకుంటే కట్టే డబ్బులో సగం వృథా.

ఇక రౌటర్ ఎంతవరకు చాలుతుందో చెప్పడానికి దాని వెనక రాసి ఉన్నది చూస్తే సరిపోతుంది. ఇంటర్నెట్ పోర్టు 10/100 అని ఉంటే దానిగుండా నిజంగా వచ్చేది 94 ఎంబీపీఎస్ దాకా. అంటే 40, 50, 75 ప్లాన్లకు ఇబ్బంది లేదు, 100 ప్లాన్‌కూ పెద్ద తేడా తెలియదు. 200, 300 ప్లాన్ తీసుకుంటే మాత్రం గిగాబిట్ పోర్టు కావాలి. వైఫై సంగతి వేరు. డబ్బా మీద 300 అని అచ్చేసిన ‘ఎన్’ రకం రౌటర్, చుట్టూ ఇరవై వైఫైలు కనబడే అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద 40 నుంచి 60 ఎంబీపీఎస్ ఇస్తే బాగా పనిచేస్తున్నట్టే. 54 అని రాసి ఉన్న ‘జి’ రకంలో చేతికొచ్చేది 20, 25. అలాంటిదైతే మార్చడమే మంచిది. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న ‘ఏసీ’ రకం రౌటర్‌ను మాత్రం మోడెం మారిందన్న కారణంతో తీసేయడం అన్యాయం.

మార్చే రోజు చేయాల్సిన పనిలో ముఖ్యమైన భాగం పాత మోడెం ప్లగ్గు పీకకముందే ఉంది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఇంటర్నెట్ కనెక్షన్ రకం ఏదో చూసి కాగితం మీద రాసుకోండి. డైనమిక్ ఐపీ (అడ్రస్ తనంతట తానే వచ్చే రకం) అని ఉంటే పని తేలిక. పీపీపీఓఈ (లాగిన్ అయితేనే నెట్ వచ్చే రకం) అని ఉంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ కావాలి. పాస్‌వర్డ్ చుక్కల్లోనే కనబడుతుంది కాబట్టి ఆపరేటర్‌ను ముందే అడిగి పెట్టుకోవాలి. బ్యాకప్ ఫైలు తీసుకునే సౌకర్యం ఉంటే తీసుకోండి. ఏ వైరు ఏ పోర్టులో ఉందో ఫోన్‌తో ఒక ఫొటో. ఆఖరికి అడాప్టర్లు: మోడెం అడాప్టర్ చాలావరకు 12 వోల్టులు, పాత రౌటర్లలో చాలావాటిది 9 వోల్టులు, గుండ్రటి పిన్ను మాత్రం చాలాసార్లు రెండింటికీ ఒకటే సైజు. తారుమారైతే 9 వోల్టుల రౌటర్ కాలిపోవచ్చు, 12 వోల్టుల మోడెం ఆగి ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. ‘మోడెం పాడు’ అని తిరిగొచ్చేవాటిలో ఈ రకం కూడా ఉంటాయి. స్కెచ్ పెన్నుతో అడాప్టర్ మీద పేరు రాస్తే ఆ గొడవ ఉండదు.

కొత్త మోడెం అడుగున స్టిక్కర్ మీద, పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యలు, అంటే మ్యాక్ అడ్రస్‌లు రెండు మూడు ఉండవచ్చు. ఆపరేటర్‌కు కావాల్సింది కేబుల్ మోడెం మ్యాక్, అంటే సీఎం మ్యాక్ లేదా హెచ్‌ఎఫ్‌సీ మ్యాక్ అని రాసి ఉన్నది. పక్కనున్న లాన్ మ్యాక్ చెబితే మోడెం లైన్‌లోకి రాదు, లేదా వచ్చినా నెట్ ఇవ్వదు. 12 అక్షరాల్లో సున్నాను ‘ఓ’ అని చదవకుండా చూడండి, ఆ అంకెల్లో ‘ఓ’ అక్షరం ఉండనే ఉండదు.

కోయాక్సియల్ తీగ దగ్గర తొందర పనికిరాదు. ఎఫ్ కనెక్టర్‌ను చేత్తో బిగేంతవరకు తిప్పి, ఆపైన 11 మిల్లీమీటర్ల స్పానర్‌తో చిన్నగా ఒక పట్టు పడితే చాలు. మధ్య రాగి తీగ నల్లబడి ఉన్నా వంగి ఉన్నా ఆ చివర కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించాలి. టీవీకీ మోడెంకూ కలిపి స్ప్లిటర్ ఉంటే దాని మీద రాసిన అంకెలు చూడండి. 5 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవ్వాలి. 40 దగ్గర మొదలయ్యే పాత టీవీ స్ప్లిటర్ కిందికి వచ్చే సిగ్నల్‌ను బాగానే పంపుతుంది గానీ, మోడెం పైకి, అంటే ఆపరేటర్ వైపు, పంపేది 5కూ 65కూ మధ్య కాబట్టి దాన్ని నొక్కేస్తుంది. రిటర్న్ దారి (పైకి పంపే దారి) లేని టీవీ బూస్టర్లదీ ఇదే తీరు: బొమ్మ అద్దంలా వస్తుంది, మోడెం మాత్రం లైన్‌లోకి రాదు. రెండు దారుల స్ప్లిటర్ దాదాపు 3.5 డెసిబెల్స్ తినేస్తుంది, నాలుగు దారులది 7. అందుకని ఇంట్లోకి వచ్చిన తీగను ముందు రెండుగా చీల్చి, ఒకటి నేరుగా మోడెంకు ఇచ్చి, రెండోదాన్ని టీవీలకు ఎన్నిగా పంచుకున్నా పంచుకోవచ్చు. ఖాళీగా ఉన్న మూతికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ బిగిస్తే సిగ్నల్ వెనక్కి తిరిగి రాదు.

ఇప్పుడు మోడెం ఒక్కదానికే కరెంటు ఇవ్వండి. రౌటర్ ఆఫ్‌లోనే ఉండాలి. మొదటిసారి మోడెం ఆపరేటర్ దగ్గర నుంచి కాన్ఫిగరేషన్, కొన్నిసార్లు కొత్త సాఫ్ట్‌వేర్ కూడా దించుకుంటుంది. దీనికి పది, ఇరవై నిమిషాలు పట్టవచ్చు. మధ్యలో తనంతట తాను ఒకటి రెండుసార్లు ఆగి మొదలవడం సహజం. ఓపిక లేక అప్పుడే ప్లగ్గు తీస్తే మోడెం నిజంగానే పాడవవచ్చు. ఆన్‌లైన్ లైటు మినుకు మానేసి నిలకడగా వెలిగాక, ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో మోడెంకు కలిపి బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొడితే చాలా కేబుల్ మోడెంలలో సిగ్నల్ పేజీ వస్తుంది. కిందికి వచ్చే పవర్ −7 నుంచి +7 డీబీఎంవీ (సిగ్నల్ బలం కొలత) మధ్య ఉంటే బాగున్నట్టు. సిగ్నల్, నాయిస్ తేడా 33 డెసిబెల్స్ దాటాలి. పైకి పంపే పవర్ 35 నుంచి 49 దాకా ఫరవాలేదు. 50 దాటిందంటే మోడెం గొంతు చించుకుని అరుస్తోందన్నమాట, దారిలో ఎక్కడో కనెక్టరో స్ప్లిటరో సిగ్నల్‌ను మింగుతోంది. అదే పేజీలోని లాగ్‌లో టీ3 టైమౌట్ (మోడెం పంపినదానికి జవాబు రాలేదని) అని పదే పదే కనబడినా తప్పు పైకి వెళ్లే దారిలోనే వెతకాలి. కొన్ని మోడెంలు డీబీమైక్రోవోల్టుల్లో చూపిస్తాయి, అందులోంచి 60 తీసేసి పోల్చుకోండి.

అందరూ తడబడేది ఈ తర్వాతి అడుగులోనే. ల్యాప్‌టాప్‌లో నెట్ బ్రహ్మాండంగా వచ్చింది, అదే వైరు తీసి రౌటర్ ఇంటర్నెట్ పోర్టులో పెడితే నెట్ లేదు. వెంటనే ‘చూశారా, పాత రౌటర్ పట్టడం లేదు’ అనే తీర్పు వచ్చేస్తుంది. రౌటర్ తప్పు అణువంత కూడా లేదు. సాధారణ ఇంటి కనెక్షన్‌కు కేబుల్ మోడెం ఒక్క పరికరాన్నే అనుమతిస్తుంది. కరెంటు వచ్చాక మొట్టమొదట ఎవరి మ్యాక్ కనబడిందో దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడ మొదట కనబడింది ల్యాప్‌టాప్. కాబట్టి మోడెం ప్లగ్గు తీసి, ల్యాండ్‌లైన్ ఫోన్ కోసం లోపల బ్యాటరీ ఉన్న రకమైతే ఆ బ్యాటరీ కూడా తీసి, ఒక నిమిషం ఆగాలి. రౌటర్ ఇంటర్నెట్ పోర్టులో వైరు పెట్టాలి. మోడెంకు కరెంటు ఇచ్చి లైటు నిలిచేదాకా ఆగి, ఆఖరున రౌటర్ వేయాలి. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి ఒకే స్విచ్ నొక్కితే రౌటర్ ముందే లేచి, అడ్రస్ దొరక్క అలాగే కూర్చుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నెట్ రాని ఇళ్లలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. 12 వోల్టుల చిన్న యూపీఎస్‌తో మోడెంను నిలబెడితే ఆ బాధ తప్పుతుంది. దాని నుంచి 9 వోల్టుల రౌటర్‌కు కూడా తీగ లాగాలంటే యూపీఎస్‌లో 9 వోల్టుల మూతి విడిగా ఉండాల్సిందే.

ఇంతచేసినా రాకపోతే, కొందరు ఆపరేటర్లు కనెక్షన్‌ను ఇంట్లోని పరికరం మ్యాక్‌తో కట్టేస్తారు. ఇన్‌స్టాల్ చేసినాయన తన ల్యాప్‌టాప్‌తో పరీక్షించి ఉంటే అది ఆ ల్యాప్‌టాప్ పేర ఉండిపోతుంది. ఫోన్ చేసి విడిపించమంటే రెండు నిమిషాల పని. కట్టింది మీ సొంత కంప్యూటర్ మ్యాక్‌తోనైతే రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనే సెట్టింగులో అదే అంకె పెట్టవచ్చు.

పై కథంతా ఒకే ఒక్క లాన్ పోర్టు ఉన్న ఉత్త మోడెంది. ఇప్పుడు ఇళ్లకు వస్తున్న వాటిలో చాలావరకు ఉత్త మోడెంలు కావు. మోడెం, రౌటర్, వైఫై మూడూ ఒకే డబ్బాలో. వెనక నాలుగు లాన్ పోర్టులు, పక్కన యాంటెన్నాలు కనబడితే అదే. ఫైబర్‌కు మారిన ఇళ్లలో ఓఎన్‌టీ (మోడెం స్థానంలో వచ్చే ఫైబర్ డబ్బా) కూడా ఎక్కువగా ఇలాగే ఉంటుంది. దీనికి పాత రౌటర్‌ను తగిలిస్తే ఒక ఇంట్లో ఇద్దరు పెద్దలు ఉన్నట్టు: రెండూ అడ్రస్‌లు పంచుతాయి. కొత్త డబ్బా 192.168.1.1, పాత రౌటర్ కూడా 192.168.1.1 అయితే, ఇవతలిదెవరో అవతలిదెవరో పాత రౌటర్‌కు తెలియక లైట్లన్నీ వెలుగుతూనే నెట్ రాదు. పాతదాని లాన్ అడ్రస్‌ను 192.168.10.1గా మారిస్తే ఆ చిక్కు అక్కడికి తీరుతుంది. ఇలా ఒకదాని వెనక ఒకటి ఉన్నా వార్తలు, వీడియోలు, వాట్సాప్ అన్నీ నడుస్తాయి. బయటినుంచి ఇంటి సీసీటీవీ డీవీఆర్‌ను (కెమెరాల రికార్డింగ్ పెట్టెను) రౌటర్ సెట్టింగుల్లో పోర్టు తెరిచి చూసుకునేవారికి, కొన్ని ఆటలకు, కొన్ని ఆఫీసు వీపీఎన్‌లకు మాత్రం అడ్డం పడుతుంది.

దీనికి సరైన మార్గాలు రెండు. మొదటిది కొత్త డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడం. అప్పుడు అది ఉత్త మోడెం అయిపోతుంది, దాని వైఫై సాధారణంగా ఆగిపోతుంది, పాత రౌటర్ పాత పేరుతో ఇంటిని నడుపుతుంది. పీపీపీఓఈ ఉంటే ఆ వివరాలు ఇక రౌటర్‌లో కొట్టాలి. రౌటర్ గట్టిది, కొత్త డబ్బా వైఫై బలహీనం అయితే మా ఓటు దీనికే.

రెండోది పాత రౌటర్‌ను ఉత్త వైఫై కేంద్రంగా దింపడం. రౌటర్‌ను ఇంకా దేనికీ కలపకుండా, ల్యాప్‌టాప్‌తో లోపలికి వెళ్లి, ముందు దాని లాన్ అడ్రస్‌ను కొత్త డబ్బా వరసలోనే ఖాళీగా ఉన్న అంకెకు మార్చాలి. డబ్బా 192.168.1.1 అయి 192.168.1.100 నుంచి అడ్రస్‌లు పంచుతుంటే రౌటర్‌కు 192.168.1.2 ఇవ్వొచ్చు. తర్వాత దాని డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆపేయాలి. అప్పుడు కొత్త డబ్బా లాన్ పోర్టు నుంచి రౌటర్ లాన్ పోర్టుకే వైరు పెట్టాలి. ఇంటర్నెట్ అని రాసిన పోర్టు ఖాళీగా ఉండాలి, అలవాటు కొద్దీ అందులో పెడితే చేసిందంతా వృథా. డీహెచ్‌సీపీ ఆపడం మరచిపోతే లోపం ఒక పట్టాన దొరకదు. ఒక ఫోన్‌లో నెట్ వస్తుంది, ఇంకోదాంట్లో రాదు, సాయంత్రానికి తిరగబడుతుంది. ఎవరు ముందు అడ్రస్ ఇస్తే వారి మాట నెగ్గుతుంది మరి. రెండు వైఫైలూ నడిపేవారు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్ని 1వ చానల్‌లో, రెండోదాన్ని 6లోనో 11లోనో పెట్టుకోవాలి.

డీవీఆర్ కోసం ఇంత కష్టపడేవారు ముందు రౌటర్ స్టేటస్ పేజీలో ఇంటర్నెట్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటర్ తన వైపునే ఒక్క అడ్రస్‌ను ఎందరికో పంచుతున్నట్టు. అప్పుడు ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటినుంచి తలుపు తెరుచుకోదు. స్టాటిక్ ఐపీ విడిగా కొనుక్కోవాలి, లేదా కంపెనీ యాప్ ద్వారా చూసుకోవాలి.

ఫైబర్ గురించి రెండు మాటలు. ఎర్ర ఎల్‌ఓఎస్ లైటు (సిగ్నల్ రావడం లేదనే సూచన) వెలిగితే తప్పు ఫైబర్ లైనులో ఉంది, రౌటర్‌ను రీసెట్ చేసి లాభం లేదు. సన్నటి పసుపు తీగను గట్టిగా మడిచి మేకుకు చుట్టకండి, విప్పిన చివరను కంటికి ఎదురుగా పెట్టుకోకండి. అందులోని లేజర్ కంటికి కనబడదు, కంటికి హాని మాత్రం చేయగలదు.

స్పీడు తక్కువన్న ఫిర్యాదుకు ముందు మూడు చోట్ల కొలవండి: మోడెంకు వైరుతో, రౌటర్‌కు వైరుతో, రౌటర్ పక్కనే వైఫైతో. మొదటిచోటే తక్కువైతే లైనుదో మోడెందో తప్పు. రెండోచోట సరిగ్గా 94 దగ్గర ఆగితే 100 పోర్టుది, లేదా లాన్ వైరుది. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కలవాలి. నాలుగే క్రింప్ చేసి వదిలేసిన వైరు, గిగాబిట్ రౌటర్‌ను కూడా 100కు కట్టేస్తుంది. పీపీపీఓఈ ఇళ్లలో కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూ ఉండిపోతే రౌటర్‌లో ఎంటీయూ (ఒక్కసారి పంపే డేటా పొట్లం సైజు) 1500 ఉందేమో చూసి 1492 చేయాలి. ఇక ఎన్ రౌటర్‌లో వైఫై లింక్ స్పీడు 54 దాటకపోతే సెక్యూరిటీ పాత టీకిప్ రకం మీద ఉండి ఉండవచ్చు, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు మారిస్తే గేటు తెరుచుకుంటుంది.

పాత రౌటర్‌ను ఉంచుకోమంటున్నాం గనుక దాని ప్రమాదం కూడా చెప్పడం మా బాధ్యత. తయారీ సంస్థ సైటులో ఉన్న చివరి ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) వేయండి. అడ్మిన్, అడ్మిన్ అని ఉన్న పాస్‌వర్డ్ మార్చండి. డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కి వైఫై కలిపేది), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటినుంచి సెట్టింగులు మార్చేది) రెండూ ఆపండి. డబ్ల్యూఈపీ అనే పాత వైఫై తాళం తప్ప వేరే రక్షణ లేని రౌటర్ ఎంత బాగా పనిచేస్తున్నా ఇంట్లో ఉండకూడదు, ఆ తాళం విరిగి రెండు దశాబ్దాలు దాటింది. ఏళ్లుగా అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్‌ను నేరుగా మోడెంకు తగిలించకండి. పైన చెప్పిన రెండో మార్గంలో కొత్త డబ్బా వెనక ఉంచితే బయటి ప్రపంచానికి ఎదురుగా ఉండేది కొత్తదే కాబట్టి ముప్పు తగ్గుతుంది. తీసేయక తప్పనప్పుడు సెట్టింగులు చెరిపి ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. పాత మోడెం ఆపరేటర్‌దైతే సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకున్నాకే అప్పగించండి, డిపాజిట్ తిరిగి రావాలంటే చేతిలో ఉండాల్సిన ఆధారం అదే.

ఇక ఆపరేటర్లకు మా విన్నపం. మోడెం మార్చిన ప్రతి ఇంట్లో ఒక కాగితం వదిలి వెళ్లండి. అందులో కనెక్షన్ రకం, పీపీపీఓఈ ఉంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్, మోడెం మ్యాక్, సీరియల్ నంబరు, డబ్బా సెట్టింగుల పేజీ అడ్రస్, దాని పాస్‌వర్డ్, బ్రిడ్జ్ మోడ్ ఇస్తారో లేదో రాయండి. ఐదు నిమిషాల పని. ఇవి చేతిలో లేకపోవడం వల్లే వినియోగదారుడు ప్రతి చిన్నదానికీ ఫోన్ చేయాల్సి వస్తోంది, మంచి రౌటర్లు చెత్తలోకి పోతున్నాయి. మీ పత్రిక వినియోగదారుల పేజీలో ఈ కాగితం నమూనా ఒకటి అచ్చువేస్తే, మోడెం మార్చడానికి మనిషి వచ్చినప్పుడు పాఠకులే దాన్ని ముందుపెట్టి నింపించుకోగలరు.

— ఇళ్లలో కేబుల్, నెట్‌వర్క్ పనులు చేసే సాంకేతిక సిబ్బంది,
విజయవాడ